సీవకుడి ప్రశ్న

మన సంఘంలో ఎవరింట్లోనైనా పెద్ద జబ్బు చేసిందని తెలియగానే ముందుగా వినిపించే మాట "ఏం చేస్తాం, ఖర్మ!" అన్నది. అనేవారికి చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు, ఓదార్పుగానే అంటారు. కాని ఆ ఒక్క మాట రోగిని మందుకు ఎంత దూరం చేయగలదో వృత్తిరీత్యా వైద్యులమైన మాకు బాగా తెలుసు. గడచిన ఏడాదిగా నాలుగైదు కుటుంబాల వాళ్ళం నెలకోసారి కూర్చుని పాలి సుత్తాలు చదువుకుంటున్నాము. వాటిలో సరిగ్గా ఈ మాట గురించే ఉన్న ఒక చిన్న సుత్తాన్ని సభ్యుల ముందు పెట్టాలని ఈ వ్యాసం.

బుద్ధుడి బోధలు చదవడమంటే మతం మార్చుకోవడమేనని కొందరు పెద్దలు కంగారుపడ్డట్టు విన్నాము. అలాంటిదేమీ లేదు. మాలో ఏటేటా సత్యనారాయణ వ్రతం చేసుకునేవారున్నారు, ఏ దేవుడికీ దణ్ణం పెట్టనివారూ ఉన్నారు. పాలి ఎవరికీ రాదు. 1881లో ఈ లండన్‌లోనే రీస్ డేవిడ్స్ స్థాపించిన పాలి టెక్స్ట్ సొసైటీ వారి పుస్తకాలూ, 2000లో వెలువడిన భిక్ఖు బోధి సంయుత్త నికాయ అనువాదమూ మాకు ఆధారం. అమరావతి శిల్పాలను బ్రిటిష్ మ్యూజియంలోనూ, బుద్ధుడి మాటలను ఇంగ్లీషులోనూ చూడవలసి రావడం తెలుగువాళ్ళ ప్రాప్తం కాబోలు, అనబోయి, ఈ నెల విషయం గుర్తుకు వచ్చి ఊరుకుంటున్నాము.

సంయుత్త నికాయలో వేదనలను గురించిన భాగంలో ఉంది ఈ సుత్తం. వేదన అంటే తెలుగులో మనకు బాధ. పాలిలో అలా కాదు. సుఖం ఒక వేదన, దుఃఖం ఒక వేదన, రెండూ కానిది మరొకటి. రాజగృహం దగ్గర వెదురుతోటలో ఉన్న బుద్ధుడి దగ్గరకు మోలియ సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి ఒక ప్రశ్న వేస్తాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసుకున్న కర్మవల్లనేనని కొందరు శ్రమణులు, బ్రాహ్మణులు అంటున్నారు గదా, దీనికి మీరేమంటారు? అని.

బుద్ధుడు అవునని గాని, కాదని గాని ఒక్క ముక్కలో తేల్చలేదు. లెక్కపెట్టి ఎనిమిది కారణాలు చెప్పాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఈ మూడూ కలిసిన సన్నిపాతం, రుతువుల మార్పు, విషమ పరిహారం, బయటినుంచి తగిలే దెబ్బలు, చివరగా కర్మఫలం. సన్నిపాతం అంటే మన పల్లెల్లో ఒళ్ళు తెలియకుండా కలవరించే జ్వరం, ఇక్కడ మాత్రం మూడు దోషాల కలయిక. విషమ పరిహారం అంటే ఒంటిని చూసుకోవలసిన తీరున చూసుకోకపోవడం. దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు, మన వారాంతపు విందుల్లో పులిహోర పళ్ళెం మూడోసారి నిండడం చూస్తే చాలు.

పిత్త శ్లేష్మాల లెక్కతో ఇవాళ వైద్యం చేయమని మేము అనడం లేదు. మమ్మల్ని పట్టుకున్నది బుద్ధుడు ఇచ్చిన ఆధారం. పిత్తంవల్ల బాధ కలుగుతుందన్నది ఎవరికి వారు తెలుసుకోగలిగిన సంగతి, లోకమూ ఒప్పుకున్న సంగతి. అన్నింటికీ కర్మే కారణమనేవారు ఈ రెండింటినీ దాటిపోతున్నారు కనుక వారి మాట తప్పు అన్నాడు. కళ్ళెదుట కనిపించేదాన్ని వదిలి కనిపించనిదాన్ని పట్టుకోవద్దన్న ఈ పద్ధతి ఏ వార్డులోనైనా పనికివస్తుంది.

మాలో తర్కం బాగా తెలిసిన ఒక సభ్యుడు ఇక్కడ అడ్డుపడ్డారు. మజ్ఝిమ నికాయంలోని చూళకమ్మవిభంగ సుత్తంలో ప్రాణులను హింసించినవాడు రోగిష్టిగా పుడతాడని ఉంది గదా, దాని సంగతేమిటి? అన్నారు. ఉన్నమాట నిజమే. ఎనిమిదో కారణాన్ని బుద్ధుడు కొట్టివేయలేదు, మేమూ దాచడం లేదు. అయితే కర్మఫలం ఎవరికీ ఆలోచనకు అందని నాలుగు విషయాలలో ఒకటనీ, దాని లెక్కలు వేయబోతే మతి చెడుతుందనీ అంగుత్తర నికాయంలో ఉంది. హింస మానుకో అని మనకు మనం చెప్పుకోవడానికి చూళకమ్మవిభంగం పనికివస్తుంది. మంచాన పడ్డ మనిషిని చూపించి, వీడేదో చేసే ఉంటాడు అని వెనక్కి లెక్క తీయడానికి పనికిరాదు. ఇది మా అభిప్రాయం. ఆ సభ్యుడు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇదంతా పుస్తకాల వాదమే అయితే ఇంత కాగితం ఖర్చు పెట్టేవాళ్ళం కాదు. గుర్తుపట్టడానికి వీలులేకుండా కొంత మార్చి చెబుతున్నాము. మాకు తెలిసిన ఒకరింట్లో ఎనిమిదేళ్ళ పాపకు టైప్ వన్ డయాబెటిస్ వచ్చింది. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయడంవల్ల వచ్చే జబ్బు ఇది. మిఠాయిలు తిన్నందువల్ల రాదు. 1922 జనవరిలో టొరంటోలో మొట్టమొదట ఒక కుర్రవాడికి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఇది పిల్లలకు మరణశాసనమే. ఇవాళ ఇన్సులిన్ సరిగ్గా ఇస్తూ, చక్కెర చూసుకుంటూ ఉంటే ఆ పిల్ల చదువుకుంటుంది, ఆడుకుంటుంది, అన్నీ చేస్తుంది.

తల్లి మాత్రం బడిలో చెప్పలేదు. ఊరినుంచి ఫోనులో రోజూ ఒకటే పాట, ఏ జన్మలో ఏ పాపం చేశారో అని. "ఆడపిల్ల కదండీ డాక్టరుగారూ, నలుగురికీ తెలిస్తే రేపు పెళ్ళెలాగ?" అన్నది. చక్కెర ఉన్నట్టుండి పడిపోతే పిల్లకు చెమటలు పోసి, మాట తడబడి, స్పృహ తప్పవచ్చు. ఆ సమయంలో పక్కనున్న టీచరుకు సంగతి తెలియకపోతే, వెంటనే ఇవ్వవలసిన గ్లూకోజు బిళ్ళ ఎవరిస్తారు?

ఆ నెల మేము చదివింది ఈ సుత్తమే. ఆవిడ కూడా వచ్చి వెనక కూర్చున్నది. అంతా అయ్యాక, "అయితే నేను కడుపుతో ఉన్నప్పుడు ఏ తప్పూ చెయ్యలేదంటారా?" అని మెల్లగా అడిగింది. "బుద్ధుడి మాట సరే, మా వైద్యశాస్త్రం కూడా చెయ్యలేదనే అంటుందమ్మా" అన్నాము. తర్వాతి సోమవారం నర్సును వెంటబెట్టుకుని ఆవిడే బడికి వెళ్ళి చెప్పి వచ్చింది. ఊరినుంచి ఫోన్లు మాత్రం మారలేదు.

మరుసటి నెల వినయ పిటకంలోని మహావగ్గం తీశాము. విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడివున్న ఒక భిక్షువు బుద్ధుడి కంటబడతాడు. అతడు ఎవరికీ ఏ సాయమూ చేయలేదు కనుక ఎవరూ దగ్గరకు రాలేదు. బుద్ధుడు నీళ్ళు పోశాడు, ఆనందుడు కడిగాడు, ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టి మంచంమీద పడుకోబెట్టారు. ఆపైన భిక్షువులందరినీ పిలిచి, మీకిక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే మిమ్మల్నెవరు చూస్తారు, నాకు సేవ చేయదలచినవాడు రోగికి చేయాలి అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. తల్లీ తండ్రీ ఇక్కడ లేరన్న మాట చదువుతున్నప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. మనలో ఎంతమందికి ఉన్నారు ఈ దేశంలో?

రోగికి సేవ చేసేవాడి లక్షణాలు అయిదు, సేవ చేయించుకోవడానికి కష్టమయ్యే రోగి లక్షణాలు అయిదు, అదే చోట ఉన్నాయి. రోగాన్ని ఉన్నదున్నట్టు చెప్పకపోవడం ఆ రెండో జాబితాలోదే. బి.పి. మాత్రలు రోజూ వేసుకుంటున్నామని మాకు హామీ ఇచ్చే సభ్యులు దీన్ని గమనించాలని మనవి!

ఆ సాయంత్రమే మాలో ఇద్దరు ఆడవాళ్ళు చక్కెర పరీక్ష చేయడం, ఇన్సులిన్ ఇంజక్షన్ ఇవ్వడం నేర్చుకుంటామన్నారు. ఇప్పుడు నర్సు దగ్గర నేర్చుకుని, శనివారాల్లో వంతులవారీగా పాపను తమ ఇంట్లో ఉంచుకుంటున్నారు. పాప తల్లి చాలా నెలల తర్వాత మొన్న సినిమాకు వెళ్ళి వచ్చింది. సినిమా బాగాలేదట.

వచ్చే నెల అంగుత్తర నికాయంలోని నకులమాత కథ. భర్త మంచం పట్టినప్పుడు, బెంగతో ప్రాణం విడవవద్దనీ, నూలు వడికి పిల్లలను పోషించుకోగలననీ ఆమె ధైర్యం చెబుతుంది. పుస్తకం మా దగ్గర ఒక్కటే ఉంది, ముందుగా కబురు చేస్తే నకళ్ళు తీయించి ఉంచుతాము. పిల్లలను తీసుకురావచ్చు. కాఫీ మా ఇంట్లోనే.