రక్తవిరేచనములకు టీకా యేల ఆలస్యమైనది?

గత వర్షకాలమున మా చందానగరు పాఠశాలలో ఆఱవ తరగతి బాలుడొకడు పది దినములు బడికి రాలేదు. రక్తవిరేచనములచే మంచము పట్టి, వైద్యుల చికిత్సచే కోలుకొని, చిక్కి సగమై తిరిగి వచ్చెను. వచ్చిన వెంటనే వాడు మమ్మడిగిన ప్రశ్న యిది: “సారూ, టైఫాయిడుకు టీకా ఉన్నది గదా, దీనికెందుకు లేదు?” ఇది తలిదండ్రులందఱు నడుగదగిన ప్రశ్న యగుటచే మాకు తెలిసినంతవఱకు సమాధానము నిచ్చట వ్రాయుచున్నాము.

రక్తవిరేచనములకు కారణములు కొన్ని కలవు. వానిలో ముఖ్యమైనది షిగెల్లా యను సూక్ష్మక్రిమి. 1897వ సంవత్సరమున జపానుదేశమున ఈ వ్యాధి ప్రబలి తొంబదివేలమందికి సోకెను. అప్పుడు కియోషి షిగా అను యువవైద్యుడు దీని కారణమగు క్రిమిని కనుగొనెను. అదే సంవత్సరము ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియాక్రిమిని చూచెను. షిగా అంతటితో నూరకుండక, చంపిన క్రిములతో టీకా చేసి, మొదట తన దేహముననే పొడిపించుకొనెను. అచ్చట తీవ్రమైన వాపును నొప్పియు కలిగెను. అట్టి మందును పసిబిడ్డల కెట్లీయగలము? నాటినుండి నేటివఱకు నూటయిరువదియైదేండ్లు దాటినను, లోకమంతట వాడదగిన టీకా ఇంకను రాలేదు.

ఈ జాప్యమునకు ముఖ్యకారణమేమో ఒక ఉదాహరణముతో చెప్పెదము. బడిగుమ్మమువద్ద నున్న కావలివాడు మనిషి ముఖము చూడక, చొక్కారంగును మాత్రమే చూచువాడనుకొనుడు. ఆకుపచ్చ చొక్కా తొడిగిన దొంగను వాడొకసారి పట్టుకొనెను. మఱునాడు ఆ దొంగయే నీలిచొక్కా తొడిగి వచ్చినచో కావలివాడు లోనికి విడిచిపెట్టును. మన రక్తములోని రక్షకబలము ఈ క్రిమి యెడల ఇంచుమించుగా నట్లే వర్తించును. షిగెల్లాక్రిమి దేహముపై చక్కెరగొలుసులతో నల్లిన పైతొడుగు కలదు. మన దేహము గుర్తించునది ముఖ్యముగా దానినే. ఈ క్రిమిలో నాలుగు జాతులు, వానిలో ఏబదికి పైగా తెగలు కలవు, తెగకొక తొడుగు. ఒక తెగవలన వ్యాధి వచ్చి తగ్గినను, మఱియొక తెగ వచ్చి మరల బాధింపవచ్చును. టైఫాయిడుక్రిమి సంగతి వేఱు. దానికి సామాన్యముగా ఒకే విధమగు పైపొర యుండుటచే, దానిని గుర్తింపజేయు ఒక్క టీకాయే చాలినది. అట్టి టీకాను మన హైదరాబాదు జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ చేయగా, 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ దానికి అర్హత నొసగెను.

ఇటలీదేశపు సియెనా పట్టణమున జి.యస్.కె. సంస్థవారి పరిశోధనాలయమున షిగెల్లాకు మఱియొక యుపాయము సాగినది. కొన్ని క్రిములు తమ పైపొరనుండి సన్నని బుడగలను సహజముగా విడుచుచుండును. శాస్త్రజ్ఞులు ఆ క్రిమి జన్యువులను మార్చి, బుడగలు విస్తారముగా వచ్చునట్లును, వాని విషము తగ్గునట్లును చేసిరి. బుడగపై క్రిమితొడుగు ఉండును. లోపల ప్రాణముగల క్రిమి యుండదు. కావున అది వృద్ధిపొంది వ్యాధి కలిగింపజాలదు. దొంగను తేకయే వాని చొక్కాను కావలివానికి చూపినట్లన్నమాట. మొదట ఒకే తెగకు చేసిన టీకా స్వచ్ఛందసేవకులపై పరీక్షింపబడి, వ్యాధిని ఆపజాలదని 2021లో తేలినది. శాస్త్రజ్ఞులు నిరాశ చెందక, నాలుగు తెగల తొడుగులు చూపు బలమైన టీకాను సిద్ధపఱచిరి. దానిని ఐరోపాలో పెద్దలకును, తరువాత కెన్యాదేశమున పెద్దలు మొదలు పసిబిడ్డల వఱకును ఇచ్చి పరీక్షించిరి. 2025లో భారత్ బయోటెక్ దీని తరువాతి పరీక్షలను, తయారీని చేపట్టుటకు ఒడంబడిక చేసికొన్నది. మన నగరపు ఉత్తరదిశనున్న కర్మాగారములనుండి ఈ టీకా లోకమునకు పోవు దినము రావచ్చును. కాని వేలకొలది పిల్లలపై పరీక్షించి ఫలము చూచినగాని అది నిశ్చయము కాదు.

ఇంత శ్రమ యెందులకన, పది మొదలు నూఱు క్రిములు మాత్రమే నోటిలోనికి పోయినను ఈ వ్యాధి రావచ్చును. 2016లో ప్రపంచమున దీనిచే రెండులక్షలకు పైగా జనులు మరణించిరని అంచనా. వారిలో అఱువదివేలకు పైగా అయిదేండ్లలోపు బిడ్డలు. అంతేకాక, ఒకప్పుడు దీనిని లొంగదీసిన మందులు కొన్ని నేడు పనిచేయుట లేదు.

టీకా వచ్చువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. మలవిసర్జన పిదపను, భోజనమునకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనుడు. మరగించి చల్లార్చిన నీరు త్రాగుడు. ఈగలు వ్రాలిన తినుబండారమును ముట్టకుడు. విరేచనమున రక్తము కనబడినచో ఓ.ఆర్.యస్. ద్రావణము త్రాగించుచు వెంటనే వైద్యునివద్దకు పోవుడు. మిగిలిన మాత్రలను మీయంతట మింగకుడు. అట్లు మింగుటవలననే క్రిములు మందులకు లొంగని వగుచున్నవి.

ఆ బాలునికి మేమిదంతయు చెప్పితిమి. వాడు కొంత యోచించి, “అయితే సారూ, అన్ని చొక్కాలను ఒకేసారి చూపు టీకా నేను చేసెద” ననెను. వాని మాట నెఱవేఱవలెనని మా కోరిక.