ముందు కుర్చీ ఎవరికి?

ఈ దినము యాకోబు పత్రిక 2వ అధ్యాయము మొదటి నాలుగు వచనములను ధ్యానించుకుందాము.

యాకోబు భక్తుడు మనకు ఒక కూడికను చూపిస్తున్నాడు. బంగారు ఉంగరము, మంచి బట్టలు గలవాడు లోపలికి రాగానే మంచి స్థలము దొరికింది. మురికిబట్టల దరిద్రుడు వస్తే నిలబడమన్నారు, లేదా కాళ్ల దగ్గర కూర్చోమన్నారు. అతనిని ఎవరూ కొట్టలేదు. తేడా కుర్చీ దగ్గరే వచ్చింది. దానినే వాక్యము మోమాటము, అనగా పక్షపాతము, అంటున్నది.

ఇటువంటి కుర్చీ సంగతి ఒకటి అమెరికా సినిమా చరిత్రలో ఉంది. 1939లో వచ్చిన ‘గాన్ విత్ ది విండ్’ చిత్రములో హాటీ మెక్‌డానియెల్ అనే నల్లజాతి నటి దాసి పాత్ర వేసింది. ఆమె తల్లిదండ్రులు నిజముగానే బానిసత్వము అనుభవించినవారు. చిత్రము మొదటి ప్రదర్శన అట్లాంటా నగరములో జరిగితే, అక్కడి వర్ణభేద చట్టముల వలన ఆమె వెళ్లలేకపోయింది. 1940 ఫిబ్రవరిలో ఆమెకు సహాయ నటిగా ఆస్కార్ బహుమతి వచ్చింది. నల్లజాతివారిలో ఆ బహుమతి పొందిన మొదటి వ్యక్తి ఆమెయే. అయినా ఆ రాత్రి తోటి నటీనటుల బల్ల దగ్గర ఆమెకు చోటివ్వలేదు. గోడవార వేరే బల్ల వేశారు. 1952లో ఆమె మరణించినప్పుడు, ఆమె కోరుకున్న హాలీవుడ్ సమాధుల తోటలో కూడా చోటు దొరకలేదు. అది తెల్లవారికే!

పాత్రలు ఇవ్వడములోను ఇంతే. 1937 నాటి ‘ది గుడ్ ఎర్త్’ చైనా రైతు కుటుంబపు కథ. ఆ రైతుగాను అతని భార్యగాను తెల్లవారే నటించారు. భార్య పాత్రకు లూయీ రైనర్ ఆస్కార్ అందుకొన్నది. అప్పటికే పేరుపొందిన చైనీస్ అమెరికన్ నటి అన్నా మే వాంగ్‌కు ఆ పాత్ర దక్కలేదు. 2015లోను, 2016లోను నటనకు ఆస్కార్ పోటీలో నిలిచిన ఇరవైమందీ తెల్లవారే కావడముతో పెద్ద వాదన లేచింది.

“ప్రతిభను చూడాలి గాని రంగుతో పనేమిటి?” అని కొందరు అడిగారు. మంచి ప్రశ్నే. కాని హాటీ ప్రతిభను ఎవరు కాదన్నారు? బహుమతి ఇచ్చిన సభలోనే కుర్చీ ఇవ్వలేదు. “మేమూ కష్టపడే పైకి వచ్చాము” అని మరికొందరన్నారు. అదీ నిజము కావచ్చు. తెల్లవారి ఆధిక్యత అంటే వారికి కష్టములు లేవని కాదు, వారి దారికి రంగు అడ్డు రాలేదని అర్థము. అడగకుండా దొరికిన కుర్చీ సంగతి కూర్చున్నవానికి తెలియదు, నిలబడినవానికి తెలుస్తుంది.

ప్రియులారా, అమెరికావారిని వేలెత్తి చూపి ఊరుకుందామా? మన ఇండ్లలోని ప్రభువు పటములను చూడండి. 1940లో వార్నర్ సాల్‌మన్ అనే అమెరికా చిత్రకారుడు తెల్లని ఛాయతో గీసిన క్రీస్తు ముఖము కోట్లాది ప్రతులుగా లోకమంతా వెళ్లింది. బేత్లెహేములో యూదుడుగా పుట్టిన ప్రభువును మనమూ అదే ఛాయలో ఊహించుకోవడానికి అలవాటుపడ్డాము. ఒక సంవత్సరము క్రిస్మస్ నాటకమునకు పిల్లలను ఎంచుతుండగా సండే స్కూలు అమ్మాయి ఒకతె, “అయ్యగారూ, నేను ఎప్పుడూ గొర్రెల కాపరినేనా? మరియమ్మ నల్లగా ఉండకూడదా?” అని నన్ను అడిగింది. ప్రతి ఏడూ ఎంపిక చేసినది నేనే. నేను తలవంచుకొన్నాను.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడండి. అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకుభాష మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలులు వారి నోరు మూయించలేదు, ఏడుగురిని ఏర్పరచుకొమ్మన్నారు. స్తెఫను మొదలుకొని నీకొలాసు వరకు ఆ పేర్లు చదవండి. అన్నీ గ్రీకు పేర్లే! నొచ్చుకొన్న పక్షమువారినే నమ్మి వడ్డించే పని అప్పగించినట్టు కనబడుతున్నది. ఆ తరువాత దేవుని వాక్యము ప్రబలమై, శిష్యుల సంఖ్య విస్తరించింది.

మీ సంఘములో నిలబడి ఉన్నది ఎవరు? పాటల బృందములో, నాటకములో, కమిటీలో ఎవరి ముఖము ఎప్పుడూ కనబడదు? ఈ వారము ఒకరికి చోటివ్వండి. మరుసటి క్రిస్మస్‌కు ఆ అమ్మాయి మా సంఘములో మరియమ్మ అయింది.

పక్షపాతము లేని తండ్రి మనకు చూచే కన్నులను, జరిగి చోటిచ్చే మనస్సును అనుగ్రహించును గాక. ఆమేన్.