ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు

పోర్ట్ క్లాంగ్‌ను 1972 దాకా పోర్ట్ స్వెటెన్‌హామ్ అనేవారు. మద్రాసు నుంచీ, నాగపట్నం నుంచీ ఓడలెక్కి మలయా వచ్చినవాళ్ళు పెనాంగుతో పాటు ఈ రేవులోనూ దిగారు. వాళ్ళ ఉత్తరాలూ, ఫొటోలూ ఇప్పుడు మనవల చేతుల్లో స్కానులై క్లౌడులోకి చేరుతున్నాయి. పని మీద ఈ ఊళ్ళో ఉంటున్నాను కాబట్టి అలాంటి ఒక ఇంటి సింకు సమస్య ఈమధ్య నా దగ్గరికొచ్చింది. సమస్య చిన్నదే గానీ తెలుగులో ఫైళ్ళకి పేర్లు పెట్టుకునే వాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే.

సింకు ఆగిపోయిందంటే ముందు చూడాల్సినవి మీకు తెలిసినవే: డిస్కు నిండిందా, కోటా అయిపోయిందా, పాస్‌వర్డు మార్చాక మళ్ళీ లాగిన్ అయ్యారా, ఎవరైనా "పాజ్" నొక్కి మరిచిపోయారా. కంప్యూటరు గడియారం కూడా ఒకసారి చూడండి. ఒకే మెషీనులో విండోసు, లినక్సు రెండూ పెట్టుకున్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోసు అనుకుంటుంది, యూటీసీ అని లినక్సు అనుకుంటుంది. మలేషియాలో ఆ తేడా 8 గంటలు, ఇండియాలో అయిదున్నర. గడియారం బాగా తప్పితే సర్వరు సర్టిఫికెట్టు చెల్లదని సింకు ప్రోగ్రాము మొండికేసే అవకాశముంది. తెర మీద మాత్రం "కనెక్ట్ కాలేకపోతున్నాం" అని ఊరుకుంటుంది.

మాస్టారి ఇంట్లో ఇవేవీ కావు. ఆయన రిటైరయిన బడిపంతులు, విండోసు లాప్‌టాపు వాడతారు. వాళ్ళమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది, ఆమెది పాత మ్యాకు. ఇద్దరూ కలిసి "వైజాగు ఉత్తరాలు" అనే ఫోల్డరులో స్కానులు పెడుతున్నారు. ఒకరోజు ఆయన తెర మీద అదే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించాయి. అక్షరం తేడా లేదు, ఖాళీ తేడా లేదు.

"ఏది ఉంచమంటావు బాబూ, ఏది తీసెయ్యమంటావు?" అని ఫోన్ చేశారు.

"రెండూ ఉంచండి మాస్టారూ, నేనొచ్చేదాకా దేన్నీ ముట్టుకోకండి" అన్నాను.

తప్పంతా "వై" లో ఉంది. యూనీకోడులో ఐత్వానికి 0సి48 అనే ఒకే సంకేతం ఉంది. దాన్నే ఎత్వం 0సి46, దాని కింద గుర్తు 0సి56 అని రెండు ముక్కలుగా రాసినా ప్రమాణం ప్రకారం అదే అక్షరం, తెర మీదా అలాగే కనిపిస్తుంది. కలిపి రాసే పద్ధతిని ఎన్‌ఎఫ్‌సి అనీ, విడదీసే పద్ధతిని ఎన్‌ఎఫ్‌డి అనీ అంటారు. మ్యాకులో పాత ఫైల్ సిస్టమ్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లన్నిటినీ విడదీసి దాచేది. 2017లో మ్యాకులకి వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన రూపాన్ని అలాగే ఉంచుతుంది గానీ, పోల్చేటప్పుడు రెండూ ఒకటే అంటుంది. విండోసుకీ లినక్సుకీ ఈ పట్టింపు లేదు. సంకేతాలు వేరైతే పేర్లు వేరే. చాలా క్లౌడు ప్రోగ్రాములు మధ్యలో రూపం సరిచేస్తాయి, కొన్ని చెయ్యవు. చెయ్యనిచోట ఒక ఫోల్డరు రెండవుతుంది. పైగా ఆ రెండూ మ్యాకులో పక్కపక్కన ఉండలేవు కాబట్టి అక్కడ ఒకటి ఎర్రర్ చూపించి ఆగిపోవచ్చు.

తెలుగు గుణింతాల్లో ఇలా అధికారికంగా విడిపోయేది ఐత్వం ఒక్కటే. ఒక్కటే గదా అనుకోకండి, హైదరాబాదు, మైసూరు, వైద్యం, పైకం అన్నీ దాని కిందికే వస్తాయి! తమిళంలో ఒత్వం, ఓత్వం విడిపోతాయి, కాబట్టి ఇక్కడి తమిళ మిత్రుల కష్టాలు మనకన్నా ఎక్కువే.

బాగుచెయ్యడం తేలికే, వరస తప్పకూడదంతే. ముందు అన్ని మెషీన్లలో సింకు ఆపండి. రెండు ఫోల్డర్లనీ బయటి డిస్కులోకి విడివిడిగా కాపీ చేసుకోండి. తర్వాత విండోసులో గానీ లినక్సులో గానీ (పాత మ్యాకులో చేస్తే మళ్ళీ విడదీస్తుంది) కొత్తగా ఇంగ్లీషు పేరుతో ఒక ఫోల్డరు తెరిచి రెండిటిలోవీ అందులో చేర్చండి. ఒకే పేరున్న ఫైళ్ళు ఎదురైతే సైజు కాదు, చెక్‌సమ్ పోల్చండి. లోపలి ఫైళ్ళ పేర్లకి లినక్సులో కన్వ్‌ఎమ్‌వీ ఉంది. పైథాను వచ్చినవాళ్ళకి యూనీకోడ్‌డేటా మాడ్యూలులోని నార్మలైజ్ ఫంక్షనుతో నాలుగు లైన్ల పని. మాస్టారి రెండో ఫోల్డరులో 37 ఉత్తరాలు మొదటిదాంట్లో లేనివి. అసలు కాగితాలు చాలావరకు చెదలు పట్టి పోయాయి.

ఇంకో రెండు తెలుగు చిక్కులు. "ఫోన్‌బిల్లు" లాంటి మాటల మధ్య కనబడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి. ఒకరు కొట్టి, ఇంకొకరు కొట్టకపోతే పేర్లు వేరవుతాయి, దీన్ని ఎన్‌ఎఫ్‌సి కూడా సరిచెయ్యదు. రెండోది పొడవు. లినక్సు ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే 85 సంకేతాలు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే 18 బైట్లు మింగుతుంది. విండోసులో దర్జాగా కూర్చున్న పొడుగాటి పేరు ఇంట్లో లినక్సు పెట్టెలోకి రానంటే కారణం ఇదే.

ఇక మాస్టారు ఆరోజు ఒకటి డిలీట్ చేసి ఉంటే? అది మెల్‌బోర్న్‌లోనూ పోయేది. సింకు పని కాపీలు దాచడం కాదు, అన్నిచోట్లా ఒకేలా ఉంచడం, చెరిపినదాన్ని కూడా. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో పడ్డవి 30 రోజులకి వాటంతటవే పోయే పద్ధతి 2020 అక్టోబరులో వచ్చింది.

సింకు చెడినప్పుడు చాలామంది మొదట చేసే పని అకౌంటు తీసేసి మళ్ళీ కలపడం. 2023 నవంబరులో గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ 84వ వెర్షను వాడేవాళ్ళు కొందరికి ఫైళ్ళు మాయమైనప్పుడు, సరిగ్గా ఆ పనే చెయ్యొద్దని గూగుల్ చెప్పింది. డిస్‌కనెక్ట్ నొక్కొద్దు, డ్రైవ్‌ఎఫ్‌ఎస్ ఫోల్డరుని చెరపొద్దు అంది. పైకి చేరని ఫైళ్ళు ఇంకా ఉంటే గింటే ఆ ఫోల్డరులోనే ఉంటాయి మరి. డిసెంబరులో వాటిని వెనక్కి తెచ్చే ఉపకరణం ఇచ్చింది. కాబట్టి అకౌంటు తీసేముందు ఆ లోకల్ ఫోల్డరు మొత్తాన్ని పక్కన కాపీ చేసుకోండి. మబ్బు బొమ్మ ఉన్న ఫైళ్ళు మీ డిస్కులో లేవని గుర్తుంచుకుని, "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" లాంటిది నొక్కి, అవి పూర్తిగా దిగాకే కాపీ మొదలెట్టండి.