కౌంటర్ దగ్గర వినిపించే కంప్యూటర్ మాటలు – లబ్ధిదారులకు వివరణ

"సర్వర్ డౌన్, రేపు రండి." "మీ దరఖాస్తు ఎమ్మార్వో గారి లాగిన్‌లో ఉంది." "ఎన్‌పీసీఐ కాలేదు." సచివాలయానికో, మీసేవకో వెళ్లినప్పుడు ఈ మాటలు మీరు వినే ఉంటారు. చాలామంది అర్థం కాకపోయినా తలూపి ఇంటికి వచ్చేస్తారు. విన్నాక ఏం అడగాలో తెలిస్తే కొన్ని తిరుగుళ్లు తప్పుతాయి.

సర్వర్ డౌన్

మీ వివరాలు కౌంటర్ మీది కంప్యూటర్‌లో ఉండవు. దూరంగా వేరేచోట ఉన్న పెద్ద కంప్యూటర్‌లో ఉంటాయి. అదే సర్వర్. అది అందకపోతే కౌంటర్‌లో పని ఆగుతుంది, అంతేగానీ మీ దరఖాస్తు తిరస్కరించినట్టు కాదు. వచ్చేముందు "నా దరఖాస్తు నంబరు వచ్చిందా?" అని అడగండి. నంబరు రాలేదంటే దరఖాస్తు ఇంకా వెళ్లలేదనే అనుకోండి.

లాగిన్

ప్రతి అధికారికీ సొంత యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఉంటాయి. వాటితో లోపలికి వెళ్తే తన దగ్గరికొచ్చిన దరఖాస్తులు కనిపిస్తాయి. ఫలానా వారి లాగిన్‌లో ఉందంటే, ఫైలు వారి బల్ల మీద ఉన్నట్టే. "పెండింగ్" అని మాత్రమే చెబితే, ఎవరి లాగిన్‌లో పెండింగ్ అని అడగండి. అప్పుడే ఎవరిని కలవాలో తెలుస్తుంది.

అప్‌లోడ్

మీ కాగితం ఫోటోనో, స్కాన్‌నో సర్వర్‌కు పంపడం. "ఫోటో సైజు ఎక్కువైంది" అంటే కొలతలు కాదు, ఫైలు బరువు. దాన్ని కేబీల్లో, ఎంబీల్లో లెక్కిస్తారు. సుమారు వెయ్యి కేబీలు ఒక ఎంబీ. కొత్త ఫోటో తీయించుకోనక్కర్లేదు, ఉన్నదాన్నే తగ్గించి పంపవచ్చు.

ఎన్‌పీసీఐ మ్యాపింగ్

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. "బ్యాంకులో ఆధార్ ఎప్పుడో ఇచ్చాం కదా!" అంటారు. జిరాక్స్ ఇవ్వడం వేరు, మ్యాపింగ్ వేరు. ఆధార్ నంబరు మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో ఎన్‌పీసీఐ దగ్గర నమోదై ఉండాలి. ఒకరికి ఒక సమయంలో ఒక్క బ్యాంకే ఉంటుంది. ఈమధ్య వేరే బ్యాంకులో ఖాతా తెరిచి అక్కడ సీడింగ్‌కు సంతకం పెట్టి ఉంటే, డబ్బు ఆ ఖాతాలోకే పోతుంది. అందుకే "పడలేదు" అనుకునేముందు ఆ పాస్‌బుక్ కూడా చూడండి. లేదంటే మీరు కోరుకున్న బ్యాంకుకు వెళ్లి "డీబీటీ కోసం ఆధార్ సీడింగ్ చేయండి" అని ఇదే మాటతో అడిగి, అంగీకార పత్రం ఇవ్వండి.

ఈ-కేవైసీ, ఓటీపీ

ఈ-కేవైసీ అంటే మీరు మీరేనని కంప్యూటర్ ద్వారా నిర్ధారించడం. పీఎం కిసాన్‌కు ఇది తప్పనిసరి. వేలిముద్రతోనో, ముఖంతోనో, ఓటీపీతోనో చేస్తారు. పొలం పనుల్లో వేలిముద్రలు అరిగిపోతే మొహమాటపడకండి, వేరే పద్ధతి ఉందా అని అడగండి. ఆధార్ ఓటీపీ మాత్రం ఆధార్‌లో నమోదైన ఫోన్‌కే వస్తుంది. నంబరు మారి ఉంటే ముందు ఆధార్‌లో మార్పించుకోవాలి.

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు, కౌంటర్‌లో అడుగుతారు, ఏది నిజం?" అని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. మీ పని మీద మీరే వెళ్లి, ఎదురుగా కూర్చున్నప్పుడు వస్తే, అది దేనికో మెసేజ్ చదివించుకుని చెప్పండి. ఫోన్ చేసి అడిగేవాళ్లకు, బ్యాంకు వాళ్లమన్నా, ఆఫీసు వాళ్లమన్నా, చెప్పవద్దు.

పీడీఎఫ్, ఏపీకే

మీరు చదువుతున్నది పీడీఎఫ్, అంటే చదువుకునే కాగితం లాంటిది. వాట్సాప్‌లో పథకం పేరుతో వచ్చిన ఫైలు పేరు చివర "ఏపీకే" అని ఇంగ్లిషు అక్షరాలుంటే అది కాగితం కాదు, యాప్. తెరిస్తే ఫోన్‌లోకి ఎక్కించమంటారా అని అడుగుతుంది. ఒప్పుకుంటే మీ మెసేజ్‌లు, వాటిలోని ఓటీపీలు మోసగాళ్లకు చేరే ప్రమాదం ఉంది. తెలిసినవాళ్లే పంపినా తెరవకండి, వాళ్ల ఫోన్ కూడా చిక్కి ఉండొచ్చు.

పొరపాటున నొక్కేశారా? వెంటనే డేటా, వైఫై ఆపేయండి. బ్యాంకుకు చెప్పి ఖాతా నిలిపించండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు ఇంకో చేతికి మారకముందే ఆపే వీలు అంత ఉంటుంది.