ఇద్దరికీ అరవయ్యే, ఒంటి వయసు మాత్రం వేరు! ఎందుకు?

అరవై ఏళ్లవాళ్లలో ఒకరు చకచకా మెట్లెక్కేస్తారు, ఇంకొకరు నాలుగు మెట్లకే ఆయాసపడతారు. పుట్టినరోజుల లెక్క ఒకటే, ఒంటి వయసు వేరు.

ఈ ఒంటి వయసును అంచనా వేయొచ్చు. మన డీఎన్‌ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి కొన్నిచోట్ల ఎక్కువవుతాయి, కొన్నిచోట్ల తగ్గుతాయి. అలాంటి 353 చోట్లను చూసి వయసు చెప్పే లెక్కను 2013లో శాస్త్రవేత్త స్టీవ్ హార్వత్ ప్రకటించారు.

మరి తిండికీ ఒంటి వయసుకీ సంబంధమేమిటి? చక్కెర సంగతే చూడండి. రక్తంలోని గ్లూకోజ్ ప్రొటీన్లకు అతుక్కుంటుంది. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు. అందులోని హిమోగ్లోబిన్‌కి ఎంత గ్లూకోజ్ అంటుకుందో చూసి డాక్టర్లు గత రెండు మూడు నెలల షుగర్ ఎలా ఉందో చెబుతారు. చర్మంలో, రక్తనాళాల్లో ఉండే కొల్లాజెన్ అనే ప్రొటీన్ అలా కాదు, ఏళ్ల తరబడి అదే ఉంటుంది. దానికి అంటుకున్న చక్కెర మెల్లగా పోగునీ పోగునీ ముడేస్తుంది. సాగాల్సిన నాళం బిరుసెక్కుతుంది, గుండెకు పని పెరుగుతుంది. ముఖం మీది ముడతకన్నా ఈ కనిపించని బిరుసు గురించే మనం ఎక్కువ పట్టించుకోవాలి.

అందుకే కూల్‌డ్రింక్ కన్నా మజ్జిగ, క్రీమ్ బిస్కెట్ల కన్నా వేయించిన శనగలు మేలు. పప్పులు, ఆకుకూరల్లోని పీచు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. తోటకూర, పాలకూరల్లోని ఫోలేట్ మిథైల్ గుర్తుల తయారీకి పనికొస్తుంది.

మంచి తిండి తినేవాళ్ల ఒంటి వయసు తక్కువగా ఉంటోందని చాలా పరిశోధనల్లో కనబడింది. అయితే వాళ్లలో చాలామంది రోజూ నడుస్తారు, పొగ తాగరు. కాబట్టి ఇందులో తిండి వాటా ఎంతో విడదీసి చెప్పడం తేలిక కాదు.