పెదకూరపాడు నియోజకవర్గము – దాని యెల్లలు

మీ గ్రామము ఏ జిల్లాలోనిదని యడిగినచో విద్యార్థులు తడుముకొనక యుత్తరమిత్తురు. ఏ శాసనసభా నియోజకవర్గములోనిదని యడిగినను చెప్పుదురు. కాని యీ రెండింటిలో దేనినిబట్టి యేది యేర్పడినదని యడిగినచో పెద్దలు సైతము కొంత యాలోచింపవలసి వచ్చును. జిల్లా ముందుండుననియు, దానిని భాగించి నియోజకవర్గముల నేర్పరతురనియు సామాన్యముగా అందరును తలంతురు. పెదకూరపాడు విషయమున నిది తలక్రిందైనది. వోట్ల కొరకు గీచిన గీటే యిచ్చట జిల్లా పొలిమేర యైనది. అది యెట్లు జరిగినదో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజేయుట మంచిదని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ ప్రాంతమున కెప్పుడును మారని యెల్ల యొకటే. అది యుత్తరమున ప్రవహించు కృష్ణానది. దానిని సైతము పరిపాలకు లన్ని కాలములందును ఎల్లగా నెంచలేదు. 1859వ సంవత్సరమున గుంటూరు, మచిలీపట్టణము జిల్లాలను గలిపి కృష్ణా జిల్లాగా జేసిరి. 1904లో గుంటూరు జిల్లా మరల ప్రత్యేకముగా నేర్పడువరకు నదికి ఈ వైపునను ఆ వైపునను ఒక్క కలెక్టరే యధికారము నడపెను. ఆ కాలమున పెదకూరపాడును, అమరావతియు సత్తెనపల్లి తాలూకాలోనివి.

వోటు హక్కు మొదట అందరికిని లేదు. 1935వ సంవత్సరపు చట్టము ననుసరించి 1937లో మద్రాసు శాసనసభకు జరిగిన యెన్నికలలో పన్ను చెల్లించువారు, ఆస్తిగలవారు, చదువుకొన్నవారు మొదలగు కొందరికే వోటుండెను. ఆ సభలో 215 స్థానములు గలవు. అందు 8 స్థానములు భారతీయ క్రైస్తవులకు ప్రత్యేకింపబడినవి. వాటికి క్రైస్తవులే వోటు వేయవలెను. అనగా ఒకే వీథిలో ఇరుగుపొరుగున నివసించు ఇద్దరు, ఒకే బావి నీరు త్రాగుచు, వేర్వేరు నియోజకవర్గములకు చెందియుండిరి! అప్పటి యెల్ల నేలమీద గాక మనుష్యుల నడుమ గీయబడెను. రాజ్యాంగ నిర్ణయసభలో మైనారిటీల యుపసంఘమున కధ్యక్షుడుగా నుండిన హెచ్. సి. ముఖర్జీగారు క్రైస్తవులే. మతమునుబట్టి స్థానములు ప్రత్యేకించుట వలదని 1949లో ఆ సభ నిశ్చయించెను. ఆ నాటినుండి మన సంఘములవారు తమ గ్రామస్థులందరితో గలిసి ఒకే పెట్టెలో వోటు వేయుచున్నారు. ఇది మా యభిప్రాయమున మేలే యైనది.

1952 ఎన్నికలకు 21 సంవత్సరములు నిండిన స్త్రీపురుషులందరికిని వోటు లభించెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించెను. 1955లో దాని శాసనసభకు 167 నియోజకవర్గములనుండి 196 మంది సభ్యులు ఎన్నుకొనబడిరి. లెక్క సరిపోలేదని విద్యార్థులు తొందరపడరాదు. 29 నియోజకవర్గములు ఇద్దరేసి సభ్యులను పంపునవి. అట్టి ద్విసభ్య నియోజకవర్గములను 1961లో చట్టముచే రద్దుచేసిరి. పెదకూరపాడు పేరుగల నియోజకవర్గము ఆ దశాబ్దపు విభజనములలో పుట్టినదే. పొరుగుననున్న సత్తెనపల్లినుండి వావిలాల గోపాలకృష్ణయ్యగారు నాలుగు పర్యాయములు ఎన్నికైన కాలమును అదియే.

ఈ యెల్లలను గీయువా రెవరు? శాసనసభ కాదు, మంత్రులును కారు. తమ పొలము గట్టును తామే జరుపుకొను నధికార మొకరికిచ్చినచో నేమగునో రైతుబిడ్డలకు మేము చెప్పనక్కరలేదు. అందుచేత పార్లమెంటు చట్టముచే ఒక సంఘమును నియమింతురు. అట్టి చట్టములు 1952, 1962, 1972, 2002 సంవత్సరములందు చేయబడెను. ఆ సంఘము జనాభా లెక్కలను ముందిడుకొని, ప్రతి నియోజకవర్గమునందును జనసంఖ్య ఇంచుమించు సమానముగా నుండునట్లు గీటు గీయును. దాని యుత్తరువును న్యాయస్థానమున ప్రశ్నించుటకు రాజ్యాంగము సాధారణముగా వీలీయలేదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభాస్థానములు 1962లో 300, 1967లో 287, 1978లో 294. సంఖ్య మారినప్పుడెల్ల పేరు నిలిచియున్నను అంచులు జరుగుచుండును.

1976లో 42వ రాజ్యాంగ సవరణ యీ జరుగుబాటును నిలిపివేసెను. సంతానమును మితపరచుకొనిన రాష్ట్రములకు స్థానములు తగ్గరాదనునది దాని ముఖ్యోద్దేశము. తత్ఫలితముగా 1978 మొదలు 2004 వరకు ఏడు ఎన్నికలు ఒకే గీటుల మీద జరిగెను. వాటిలో కడపటి నాలుగింటను పెదకూరపాడునుండి కన్నా లక్ష్మీనారాయణగారు గెలిచిరి. ఈలోపల 1985లో తాలూకాలు, ఫిర్కాలు పోయి మండలములు వచ్చెను. నియోజకవర్గములను పాత ఫిర్కాలనుబట్టి వ్రాసిరి. పరిపాలన క్రొత్త మండలములనుబట్టి సాగెను. కొన్నిచోట్ల ఒకే మండలము రెండు నియోజకవర్గములకు పంచుబడి యుండుటకు హేతువిదియే.

సుప్రీముకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కుల్దీప్ సింగుగారి యధ్యక్షతను 2001 జనాభా లెక్కలపై చేయబడిన విభజన 2008 ఫిబ్రవరి 19వ తేదీన అమలులోనికి వచ్చెను. దీనివలన పెదకూరపాడు, అమరావతి, క్రోసూరు, అచ్చంపేట, బెల్లంకొండ అను ఐదు పూర్తి మండలములు ఒక నియోజకవర్గ మయ్యెను. దీనిని చిలకలూరిపేట, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ, గురజాల, మాచర్ల నియోజకవర్గములతో గూర్చి నరసరావుపేట లోకసభా నియోజకవర్గమున నుంచిరి. అప్పుడిది యెవరికిని పెద్దమాటగా తోచలేదు. లోకసభకు వోటు ఐదేండ్లకొకసారి గదా!

2022 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రమునందలి 13 జిల్లాలు 26 అయ్యెను. క్రొత్త జిల్లాలకు లోకసభా నియోజకవర్గములనే ముఖ్యముగా ఆధారము చేసికొనిరి. నరసరావుపేట లోకసభా నియోజకవర్గపు ఏడు భాగములును పల్నాడు జిల్లా యయ్యెను. నరసరావుపేట ముఖ్యపట్టణ మయ్యెను. 1904 మొదలు గుంటూరు జిల్లాలోనున్న పెదకూరపాడు ఇట్లు పల్నాటిలో చేరెను. బ్రహ్మనాయుడును, నాగమ్మయు నేలిన పల్నాడు గురజాల, మాచర్ల, కారెంపూడి ప్రాంతము. శాతవాహనుల ధాన్యకటకమైన అమరావతి చిరునామాలో నిప్పుడు పల్నాడు జిల్లా యని వ్రాయుచున్నారు. చరిత్ర పాఠము చెప్పువారికిది కొంత చిక్కే.

చిక్కు పాఠములోనే గాదు. పెదకూరపాడు రైల్వేస్టేషను నల్లపాడునుండి సత్తెనపల్లి, నడికుడిమీదుగా పోవు మార్గమున నున్నది. నరసరావుపేట, నల్లపాడునుండి గుంతకల్లు వైపు పోవు వేరొక మార్గమున నున్నది. రైలున జిల్లా ముఖ్యపట్టణమునకు పోదలచినవాడు ముందు గుంటూరు పొరుగుననున్న నల్లపాటికి వచ్చి, అచ్చట బండి మారవలెను; అనగా పాత కలెక్టరు కచేరి గుమ్మమువరకు వచ్చి క్రొత్తదానికి మరలవలెను. అమరావతివారికి సైతము గుంటూరే దగ్గర. 2008లో గీటు గీచినవారు తలలు లెక్కించిరి గాని, అర్జీ చేతబట్టుకొని పోవు రైతును తలంపలేదు. తలచుట వారి పనియు గాదు. సత్తెనపల్లిలో రెవెన్యూ డివిజను పెట్టుటచే ఈ శ్రమ కొంత తగ్గినది.

బయటివారు పొరబడు విషయ మింకొకటి. 2015 అక్టోబరు 22వ తేదీన రాజధానికి శంకుస్థాపన జరిగిన ఉద్దండరాయునిపాలెము తుళ్లూరు మండలములోనిది. అది తాడికొండ నియోజకవర్గము, గుంటూరు జిల్లా. ఆ రాజధానికి పేరిచ్చిన ప్రాచీన పట్టణము మాత్రము పెదకూరపాడు నియోజకవర్గమున నున్నది.

గీటు కదలకయే వోటరులు కదలుటయు గలదు. పులిచింతల జలాశయముక్రింద బెల్లంకొండ మండలపు గ్రామములు కొన్ని మునిగెను. వోటరుల పట్టికలో పేరు, నివాసమున్న చోటనే యుండవలెను. కావున మునిగిన యూరివాడు నియోజకవర్గము దాటి స్థిరపడినచో అతని వోటును దాటిపోవును.

ఇక ముందు రానున్న మార్పు మాట. 2014లో రాష్ట్రమును విభజించిన చట్టము, ఆంధ్రప్రదేశ్ శాసనసభాస్థానములను 175 నుండి 225కు పెంచవలెనని చెప్పినది. కాని యది రాజ్యాంగపు 170వ అధికరణమునకు లోబడినది. అనగా 2026 తరువాత జరుగు మొదటి జనాభా లెక్కలవరకు ఆగవలెను. 2025లో సుప్రీముకోర్టును ఇట్లే తీర్పు చెప్పెను. 175ను 225 చేసినచో ప్రతి నియోజకవర్గమునుండి సగటున తొమ్మిదింట రెండు వంతుల జనము వేరొకచోటికి పోవలెను. పెదకూరపాడున మండలము లైదు. కావున ఇంచుమించు ఒక మండలమంత జనము విడిపోవుదురన్నమాట. జిల్లా యెల్ల మాత్రము దానివెంట తనంతట జరుగదు. దానికి ప్రభుత్వపు ఉత్తరువు వేరుగా కావలెను. ఏ మండలము ఏ వైపునకు పోగలదో, దానికి దగ్గరి పట్టణమేదో, పై తరగతులవారు పటము ముందుంచుకొని లెక్కవేసి చూడవచ్చును.