ఊరి చరిత్రకు ఉచిత సాధనములు



గత మాఘమాసమున మా పొరుగూరి పెద్దలు నలుగురు మా యింటికి వచ్చిరి. వారి యూరి చెరువుకట్ట మరమ్మతు ముగిసినది. కట్టమీద నొక శిలాఫలకము నిలుపవలెనని వారి సంకల్పము. ఆ చెరువును తమ ముత్తాత త్రవ్వించెనని ఒక యింటివారు, కాదు, జమీందారు త్రవ్వించెనని మరియొక యింటివారు వాదించుచుండిరి. రాయి వచ్చినది, చెక్కువాడు వచ్చినాడు, పేరు మాత్రము తేలలేదు. మా నెల్లూరు జిల్లా శాసనములు అచ్చయిన పాత సంపుటములు మూడు కలవనియు, వాని నకళ్లకు పట్టణమున నొక వర్తకుడు పండ్రెండువేల రూపాయలు అడుగుచున్నాడనియు, ఆ సొమ్మిచ్చుట తగునా యనియు నన్నడుగ వచ్చిరి.

తగదని చెప్పితిని. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి యను నిరువురు కూర్చి 1905లో ప్రకటించిన ఆ మూడు సంపుటములును అంతర్జాలమున ఉచితముగ లభించుచున్నవి. ఆ యూరి యమ్మాయియే, ఎం.ఏ. చదువుచున్నది, తన చేతిఫోనులో వానిని నాయెదుటనే తెరచి చూపెను. ఆ సాయంకాలము మేము చేసిన పని యెట్టిదో, అట్టి పనిని మీరెట్లు చేయవచ్చునో చెప్పుటయే నేటి నా ప్రసంగము. రాతిపై చెక్కిన మాట నూరేండ్లకు ప్రమాణమై కూర్చుండును. కావున చెక్కుటకు ముందే విచారించుట మంచిది.

సాంఘికశాస్త్రములనగానే అవి విశ్వవిద్యాలయముల సొత్తని మనము భ్రమపడుదుము. జనులెట్లు జీవించిరి, ఏమి పండించిరి, కూలి యెంత, అప్పు యెంత, ఎవరెందులకు ఊరు విడిచిరి అను విచారమే ఆ శాస్త్రములు. వానికి పొలము మన పల్లెలే. హైదరాబాదు సమీపమునందలి శామీర్‌పేటను పరిశీలించి దూబే పండితుడు 1955లో ప్రకటించిన ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథమును దేశదేశముల విద్యార్థులు చదివిరి. పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థవారు 1975లో ఆరు గ్రామములను ఎన్నుకొని, వాని యందలి కుటుంబముల పంట, కూలి, పశువులు, అప్పులను ఏటేట వ్రాసికొనిరి. ఆ యారింటిలో ఔరేపల్లి, దోకూరు అను రెండును ఆనాటి పాలమూరు జిల్లావి. ఆ లెక్కలను ఎవ్వరైనను వెల లేకుండ పొందవచ్చును. ఔరేపల్లి రైతు ఆనాడు చెప్పిన జవాబులను నేడు ఎక్కడనో సముద్రములకావలి విద్యార్థి చదువుచున్నాడు. ఆ రైతు మనుమడు చదివెనో లేదో!

ఉచితమనిన వెంటనే అనుమానము పుట్టుట సహజము. వెల లేనిదానికి విలువ యుండునా యని యడుగుదురు. ఇందులకు కారణము చట్టమునందే కలదు. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, గ్రంథకర్త గతించిన పిమ్మట నిర్ణీతకాలము గడచినచో ఆ గ్రంథము లోకమున కంతటికిని చెందును. ఆ కాలము తొలుత 50 ఏండ్లు. 1992 నుండి 60 ఏండ్లు. ప్రభుత్వ ప్రచురణలకైనచో అచ్చయిన నాటి నుండి లెక్కింతురు. కావున దొరల కాలపు జిల్లా గ్రంథములు, పాత జనాభా నివేదికలు, తొలినాటి శాసన సంపుటములు నేడు ఊరి చెరువు నీటివంటివి. ముంచుకొనువానిదే ఆలస్యము. వానికి వెల అడుగువాడు కాగితమునకును శ్రమకును అడుగవచ్చును గాని గ్రంథమునకు అడుగరాదు.

ఈ నీరున్న చెరువులలో పెద్దది ఇంటర్నెట్ ఆర్కైవు. బ్రూస్టర్ కాలే అనునాతడు 1996లో అమెరికాదేశమున దానిని స్థాపించెను. అందు మన తెలుగు గ్రంథములు వేలకొలది చేరుటకు ఒక తెలుగువాని ప్రయత్నము కారణమగుట మనకు సంతోషకరము. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, అమెరికాలో కంప్యూటరు శాస్త్రమున ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ బహుమతి నందిన రాజ్‌రెడ్డిగారు పదిలక్షల గ్రంథములను ఛాయాచిత్రములుగ మార్చు మహాయత్నమునకు నాయకులలో నొకరు. ఆ యత్నముననే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యను భాండారము పుట్టినది. కాలక్రమమున దాని సొంత తావు మూతపడినను, అందలి గ్రంథములలో పెక్కింటిని ముందే ఇతరులు నకలు తీసి ఆర్కైవునందు చేర్చిరి. కావుననే అవి నిలిచినవి. అంతర్జాలమున నున్నది శాశ్వతమని నమ్మరాదు. పనికివచ్చు గ్రంథము కనబడినప్పుడే దించుకొని రెండు తావులలో దాచుకొనవలెను.

ఇక వెదకు విధము. చాలమంది ఇక్కడనే ఓడిపోవుదురు. తమ యూరిపేరు నేడు వ్రాయు రీతిగ వ్రాసి, ఏమియు రాకపోవుటచే నిరాశపడి ఫోను క్రింద పెట్టుదురు. దొరలు తమ చెవికి వినబడినట్లు వ్రాసిరి. విజయవాడ వారికి బెజవాడ, మచిలీపట్టణము మసులిపటం, ఏలూరు ఎల్లోర్, కాకినాడ కొకనాడ, కడప కడ్డపా, కృష్ణ కిస్ట్నా. ఇంగ్లీషున ఉకారమునకు ‘ఓ’ అక్షరమును రెండుమారులు వ్రాయుట, పల్లెకు ‘పుల్లి’ యని వ్రాయుట వారి యలవాటు. ఆర్కైవునందలి తెలుగు గ్రంథముల పేర్లను గూడ ఎవరో ఇంగ్లీషు అక్షరములలో, తరచు తప్పులతో, వ్రాసియున్నారు. కావున ఒకే పేరును నాలుగైదు విధములుగ వ్రాసి చూడవలెను. యంత్రము అచ్చు పుటను చదువుటలోను పొరబడును. తెలుగు లిపి విషయమున మరింత. వెదకుటలో పేరు రానంతమాత్రమున గ్రంథమున లేదని తలపరాదు. జిల్లా గ్రంథమును తెరచి, విషయసూచికను, చివరనున్న అకారాదిని కంటితో చూచుటయే మేలు.

జిల్లా పేరు గూడ మోసము చేయును. ఒంగోలు తాలూకావారు తమ పూర్వచరిత్రను ప్రకాశం జిల్లా గ్రంథమున వెదకిన లాభము లేదు. ఆ తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆపై గుంటూరు జిల్లాలో చేరినది. 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చినది. అనగా వారు తమ తాతల కాలమును 1873లో బాస్వెల్ దొర వ్రాసిన నెల్లూరు గ్రంథమునందు వెదకవలెను. ఇట్టివే మారిస్ దొర గోదావరి గ్రంథము 1878లోను, గోర్డన్ మెకంజీ దొర కృష్ణా గ్రంథము 1883లోను వెలువడినవి. మీ తాలూకా ఏ యేట ఏ జిల్లాలో నుండెనో ముందుగ ఒక కాగితముపై వ్రాసికొనినచో సగము శ్రమ తప్పును.

జనాభా లెక్కలు రెండవ సాధనము. దేశమంతట ఒకేమారు లెక్క తీయుట 1881లో మొదలైనది. 1951 మొదలు జిల్లా జనగణన గ్రంథములు వెలువడుచున్నవి. వీనియందు గ్రామగ్రామమునకు జనసంఖ్య కనబడును. తరువాతి వానిలో బడి, తాగునీరు, బాట, సాగునేల వివరములు గూడ చేరినవి. 1961లో మాత్రము ఒక విశేషము జరిగినది. ఎన్నుకొన్న కొన్ని గ్రామములకు వేరువేరుగ పుస్తకములు వ్రాసిరి. ఇండ్ల కట్టడము, తిండి, పండుగలు, అప్పులు, వృత్తులు అన్నియు అందు గలవు. మీ గ్రామము వానిలో లేకున్నను, పది కోసుల దూరమున నున్న గ్రామము ఉండవచ్చును. దానిని చదివినచో మీరు మరచినవి ఎన్నియో జ్ఞప్తికి వచ్చును. 2021లో జరుగవలసిన గణన మహమ్మారిచే వాయిదా పడినది గాన, గ్రామముల వారీగ పోల్చి చూచుటకు 2011 నాటి సంఖ్యలను గ్రహింపవలెను.

అంకె కనబడినంతమాత్రమున సత్యము తెలిసినట్లు కాదు. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871కిని 1881కిని నడుమ ఇంచుమించు నాలుగవవంతు తగ్గినది. కేవలము అంకెలను చూచువాడు జనులు వలసపోయిరనవచ్చును, తొలి లెక్కయే తప్పనవచ్చును. తొలి ప్రయత్నమగుటచే అందు లోపము లేకపోలేదు. కాని మన పల్లెలలో ‘ధాత కరవు’ అను మాట కలదు. ధాతనామ సంవత్సరము 1876లో వచ్చినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును నాశము చేసిన మహాక్షామమదియే. గుంటూరు సీమవారు ‘డొక్కల కరవు’ అని చెప్పుకొనునది అంతకు ముందటి నందన సంవత్సరపుది, 1832, 1833లలోనిది. పట్టణపు పరిశోధకునకు అంకె తెలియును, ధాత కరవు తెలియదు. మీకు కరవు పేరు తెలియును, అంకె తెలియదు. రెండును కలసినచో ప్రమాణము బలపడును. అయితే సంవత్సరము పేరు అరువదేండ్లకొకమారు మరల వచ్చును గదా! 1936 గూడ ధాతయే, 1996 గూడ ధాతయే. వృద్ధుడు చెప్పిన ధాత ఏ ధాతయో, ఆయన తండ్రి వయస్సును బట్టి, రాజ్యమును బట్టి నిర్ణయింపవలెను. శాసనములందలి శకవర్షమునకు 78 కలిపినచో క్రీస్తుశకమగును. పాత కరణముల లెక్కలలోని ఫసలీకి 590 కలుపవలెను.

గ్రంథకర్త యెవరు, ఎందులకు వ్రాసెను అని గూడ అడుగవలెను. జిల్లా గ్రంథములు వ్రాసిన దొరలు శిస్తు వసూలు చేయు ప్రభుత్వపు ఉద్యోగులు. నేలను, నీటిని, శిస్తును గూర్చి వారు వ్రాసినది మిక్కిలి విలువైనది. కులములను గూర్చియు, జనుల స్వభావమును గూర్చియు వ్రాసిన చోట్ల వారి గర్వమును తీసివేసి చదువవలెను. కైఫీయతులు వేరు జాతివి. కాలిన్ మెకంజీ దొరకు ఏలూరి కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, తోడ్పడగా ఊరూర సేకరించినవి అవి. అచ్చయిన వానిలో కొన్ని నేడు అంతర్జాలమున చదువ లభించుచున్నవి. వానియందు పురాణమును, కరణము లెక్కయు, ఊరి యభిమానమును ఒకే దారమున గ్రుచ్చిన పూసలవలె నుండును. పూసలను విడదీయుట చదువువాని పని. నా కవియే ప్రియములు. తార్కికుడు మాత్రము వానిని చూచి తలయూపును, అది ఒప్పుకోలు కాదు.

చదువుకొను పిల్లలకు మరి రెండు తావులు చెప్పెదను. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధగంగలో మన విశ్వవిద్యాలయముల సిద్ధాంతవ్యాసములు ఉచితముగ చదువవచ్చును. స్వీడనుదేశపు లుండ్ విశ్వవిద్యాలయమున 2003లో ప్రారంభమైన ఉచిత పత్రికల సూచిక మరియొకటి. శోధగంగలోనిదంతయు గంగ కాదు. ఒకరి తప్పును పదుగురు నకలు వ్రాసినవియు కలవు. వ్యాసము చివరనున్న ఆధారముల పట్టిక చూచి, మూలగ్రంథమును తెరువుట అలవాటు చేయుడు.

ఈ మధ్య అడిగిన ప్రశ్నకు తానే జవాబు వ్రాయు యంత్రములు వచ్చినవి. వాని భాష మృదువుగ నుండును. కాని అవి ఒక్కొక్కప్పుడు లేని గ్రంథమును ఉన్నదని చెప్పుచున్నవి. ఆప్తవాక్యము ప్రమాణమని తర్కశాస్త్రము చెప్పుట నిజమే. యథార్థమును చెప్పువాడే ఆప్తుడు గాని మెత్తగ చెప్పువాడు కాడు. యంత్రము ఒక గ్రంథముపేరు చెప్పినచో సంపుటమేది, పుట యేది యని యడిగి, ఆ పుటను మీ కన్నులతో చూచిన పిమ్మటనే నమ్ముడు. ఉచిత గ్రంథమునకై బ్యాంకు సంఖ్యయు, ఫోనుకు వచ్చు ఓటీపీయు అడుగు తావు కనబడినచో, అది గ్రంథాలయము కాదు, దొంగలయిల్లు.

అన్నియు అంతర్జాలమున లేవని గూడ తెలియవలెను. ఇనాముల రిజిస్టర్లు, తాలూకా కచేరీల కాగితములు, దేవస్థానముల లెక్కలు నేటికిని చాలవరకు బీరువాలలోనే యున్నవి. వానికై కాళ్లరుగ తిరుగక తప్పదు.

మరల ఆ చెరువుకట్టకు వత్తము. నెల్లూరు శాసన సంపుటమున ఆ యూరి గుడిముందరి రాతి శాసనము దొరకినది. నేడు ఆ రాతిమీది అక్షరములు సున్నపుపూతల క్రింద కప్పబడి కనబడవు. 1905 నాటికి స్పష్టముగ నుండెను. అందు చెరువు త్రవ్వించినవాని పేరు లేదు. ‘చెరువు వెనుక’ కొంత పొలమును దేవునికి ఇచ్చినట్లు మాత్రమే కలదు. వచ్చిన పెద్దలు నిరుత్సాహపడిరి. పొగను చూచి నిప్పును ఊహించునట్లు ఇక్కడ ఒకటి ఊహింపవచ్చునని వారికి చెప్పితిని. చెరువు వెనుక పొలము దానము చేసిన నాటికి చెరువు ఉండియే తీరవలెను. ఆ దానము ముత్తాతకును, జమీందారు వంశమునకును గూడ ఎంతో ముందటిది. కావున త్రవ్వించినవారు ఆ యిరువురును కారు. తరువాత ఎవరైన పూడిక తీయించి యుండవచ్చును, కట్ట ఎత్తు చేయించి యుండవచ్చును. ఆ సంగతి శాసనము చెప్పదు.

ఆ రాత్రి రెండిండ్లవారికిని కొంత కోపము వచ్చినది. ఒకాయన నాతో నెల దినములు మాటలాడలేదు. ఉగాదికి ముందు ఫలకము నిలిపిరి. ఆ యమ్మాయి సంపుటము పేరును, పుటసంఖ్యను వ్రాసి యిచ్చెను. అవి యడుగున చిన్న యక్షరములతో చెక్కబడినవి. పైన నున్నది ఒక్క వాక్యము: ఫలానా శకవర్షమునాటికే ఈ చెరువు ఉన్నదని. త్రవ్వించినవారి పేరు ఉండవలసిన చోట రెండు పంక్తులు ఖాళీగ విడిచిరి.